నీట వదిలిన వీరులు

యూఫ్రటీస్‌లో తారు పూసిన రెల్లు బుట్ట. నైలు ఒడ్డున జమ్ములో మరో బుట్ట. అశ్వనదిలో మైనం పూసిన పెట్టె. మొదటిదానిలో ఉన్నవాడు అక్కాడ్ రాజ్యాన్ని స్థాపించిన సార్గన్. నీళ్లు తోడే అక్కి అతన్ని పెంచాడు. రెండోదానిలోని మోషే ఫరో కూతురి కంటపడ్డాడు. మూడోదానిలో కవచకుండలాలతో కర్ణుడు. ఆ పెట్టె చర్మణ్వతి, యమునల మీదుగా గంగలోకి కొట్టుకొచ్చి, చంపానగరం దగ్గర సూతుడైన అధిరథుడికి దొరికింది.

వియన్నాలో ఫ్రాయిడ్ శిష్యుడు ఒట్టో ర్యాంక్ 1909లోనే ఈ ముగ్గురినీ ఒక వరసలో నిలబెట్టాడు. 1928లో రష్యన్ పండితుడు ప్రాప్ అద్భుత కథలను 31 ఘట్టాలుగా విడదీశాడు. ఇంట్లో ఎవరో బయల్దేరడంతో మొదలు, పెళ్లితో, పట్టాభిషేకంతో ముగింపు. మన 'పాతాళభైరవి' (1951) తోటరాముడు ఆ దారిలో చక్కగా నడుస్తాడు. 1936లో లార్డ్ రాగ్లన్ 22 లక్షణాల జాబితా రాసి, ఒక్కో వీరుడికి మార్కులు వేశాడు. ఈడిపస్‌కు అగ్రస్థానం. ఎక్కువ మార్కులొచ్చినవాడు చరిత్రలో పుట్టినవాడు కాడు, పూజా తంతులోంచి పుట్టినవాడు అని ఆయన వాదం. దానికి ఫ్రాన్సిస్ అట్లీ అనే అమెరికన్ పండితుడు మంచి చురకే పెట్టాడు: అదే కొలతతో కొలిచి, అబ్రహాం లింకన్ కూడా లేడని తేల్చేశాడు!

జాబితాలు పనికిరావని కాదు. పెట్టె గంగ ఒడ్డుకు చేరేదాకా కర్ణుడు వాటికి లొంగుతాడు. కన్య అయిన రాచబిడ్డ తల్లి, దేవుడు తండ్రి, పరాయి ఇంట పెంపకం, అన్నీ సరిపోతాయి. చిక్కు ఆ తర్వాతే.

కురుక్షేత్ర యుద్ధానికి ముందు, నువ్వు నా కొడుకువని చెప్పి పాండవుల వైపు రమ్మనడానికి కుంతి గంగ ఒడ్డుకు వస్తుంది. కర్ణుడు చేతులెత్తి, తూర్పు ముఖంగా జపంలో ఉన్నాడు. ఎండకు తాళలేక ఆమె అతని ఉత్తరీయం నీడలో నిలబడుతుంది. వీపు కాలేదాకా జపం చేసి అతను వెనక్కి తిరుగుతాడు. పోగొట్టుకున్న జన్మ, దాని వెంట రాజ్యం, నడిచి ఎదురొచ్చాయి. మామూలు వీరుడైతే కథ అక్కడితో సుఖాంతం. ఇతను కాదన్నాడు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని, ఎటొచ్చినా నీకు అయిదుగురు కొడుకులు మిగులుతారని మాత్రం మాటిచ్చాడు. రాధ చేతి అన్నానికి, దుర్యోధనుడి ఉప్పుకు కట్టుబడ్డ ఈ నిరాకరణకు 22లో ఒక్క గడి కూడా లేదు.

బాలనాగమ్మ కథదీ అదే తీరు. ఏడు సముద్రాల అవతల చిలుకలో మాయల ఫకీరు ప్రాణం ఉండటం ఎన్నో దేశాల కథల్లో కనిపించేదే. కానీ బాలవర్ధిరాజు బయల్దేరింది రాకుమారి కోసం కాదు, ఆ ఫకీరు చెరలో ఉన్న తల్లి బాలనాగమ్మ కోసం. తెలుగు పల్లెల్లో ఆడవాళ్లు తెల్లవార్లూ కూర్చుని ఆ కథ విన్నది చిలుక కోసమేనని నమ్మడం కష్టం.

బుర్రకథలు, ఒగ్గుకథలు సేకరించే విద్యార్థులకు విన్నపం ఒక్కటే. ప్రాప్ పట్టికనూ, రాగ్లన్ పట్టికనూ వెంట తీసుకెళ్లండి. కథలో వాటికి ఇమడని చోటు తగిలితే దాటేయకుండా, ఆ ఘట్టం మరోసారి చెప్పమని కథకుణ్ణి అడిగి రికార్డు చేయండి.