రాక్ పాటలోని ఆకర్షణ

పాశ్చాత్య దేశముల రాక్ పాట రేడియోలో మొదలు కాగానే మన యిండ్లలో పిల్లలు ధ్వని పెంచుదురు, పెద్దలు తగ్గింపుమందురు. ఇది సంగీతమా, చెవులు చిల్లులు పడు మోతయా యని అడుగు పెద్దలకు మేము తొందరపడి ఉత్తరము చెప్పబోము. తీర్పునకు ముందు సాక్ష్యము వినుట న్యాయము. డెబ్బది యేండ్లకు పైగా దేశదేశముల యువజనులను ఈ పాట ఏ గుణముచేత పట్టి నిలుపుచున్నదో ఈ పూట విచారింతము. వినువాడు ఊరక కూర్చుండక తానును పాలుగొనుటకు ఈ పాట చోటు విడుచుననియు, దాని ఆకర్షణకు మూలము అదియేననియు మా అభిప్రాయము.

ముందుగా ఈ పాట పుట్టువును తెలిసికొందము. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి వారు పొలములలోను, ప్రార్థనా మందిరములలోను పాడుకొనిన బ్లూస్, గాస్పెల్ గీతములు ఒక పాయ. పల్లెలలోని తెల్లవారు ఫిడేలు, గిటారు వాయించుచు పాడుకొనిన కంట్రీ పాటలు మరియొక పాయ. రెండవ ప్రపంచ యుద్ధానంతరము నగరములలోను, రేడియోలోను ఈ పాయలు కలిసి, 1950 దశకము నాటికి రాక్ అండ్ రోల్ అను పేరు స్థిరపడినది. బిల్ హేలీ బృందము 1954 ఏప్రిల్ 12వ తేదీన న్యూయార్కులో ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ అను పాటను రికార్డు చేసినది. గట్టిగా రెండు నిమిషముల పాట. దానిని మొదట రికార్డు వెనుక వైపున వేసినారు. మరుసటి యేడు ‘బ్లాక్ బోర్డ్ జంగిల్’ అను చలనచిత్రమున వినిపించిన పిమ్మట, 1955 జూలైలో అది అమెరికాలో ప్రథమ స్థానమునకు ఎక్కినది.

ఇట్టి పాటలలో మొదట గమనింపదగినది తాళము. మీరు కూర్చున్న చోటనే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సమముగా లెక్కింపుడు. సైనికుల కవాతులో బరువు ఒకటవ, మూడవ లెక్కలపై పడును. రాక్ పాటలో డోలుపై గట్టి దెబ్బ రెండవ, నాలుగవ లెక్కలపై పడును. దీనిని వారు బ్యాక్ బీట్ అందురు. ఒకటి యనునప్పుడు దెబ్బ తేలికగా నుండుటచే మనస్సు తరువాతి దెబ్బకు ఎదురుచూచును. ఆ దెబ్బ పడగానే చేయి దానంతట అదియే చప్పట్లకు లేచును. ఈ ఎదురుచూపు మనకు క్రొత్త కాదు. మన కృతులలో అనాగత గ్రహమున్నవి యనేకము కలవు. తాళము ముందు నడచి, పాట ఒక్కింత ఆగి ఎత్తుకొనును. ఆ కొద్దిపాటి ఖాళీలో శ్రోత ముందునకు ఒరిగి వినును. రెండు సంగీతములును వేరు వేరు. ఖాళీ శ్రోతను లోనికి పిలుచుట మాత్రము రెంటను కలదు.

రెండవది సామగ్రి యొక్క స్వల్పత. తొలినాటి రాక్ పాటలలో పెక్కింటికి బ్లూస్ కట్టడమే ఆధారము. నాలుగేసి లెక్కల ఆవృత్తములు పండ్రెండు. వానియందు మూడే స్వరగుచ్ఛములు. బ్లూస్ పాటలో సామాన్యముగా మొదటి పాదమును పాడి, దానినే మరల పాడి, మూడవ పాదమున బదులు చెప్పుదురు. ఇంత మాత్రము నేర్చుటకు గొప్ప విద్వాంసుడు కానక్కరలేదు; ఒక గిటారును, కొన్ని వారముల ఓపికయు చాలును. చక్ బెర్రీ 1958లో వెలువరించిన ‘జానీ బి. గూడ్’ అను పాటలోని నాయకుడు చదువు అంతగా అబ్బని పల్లెటూరి పిల్లవాడు. గిటారు మాత్రము అద్భుతముగా వాయించును. ఆ పాట విన్న పిల్లలు తామే ఆ పిల్లవాడనుకొనుటలో వింత యేమున్నది? 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షమునకు పంపిన బంగారు రికార్డులో ఈ పాట కలదు. ఆ రికార్డులోనే మన కేసర్ బాయి కేర్కర్ గారి భైరవి కూడ కలదు. ఏది సంగీతమను ప్రశ్నకు ఆ రికార్డును కూర్చినవారు ఇచ్చిన సమాధానమది.

మూడవది ధ్వని యొక్క రుచి. ప్రసారశాలలో పనిచేయు మాకు దీనియందు సహజముగా ఆసక్తి యెక్కువ. 1949లో నిమిషమునకు 45 మారులు తిరుగు చిన్న రికార్డులు వచ్చినవి. 1954లో చొక్కా జేబులో పట్టు ట్రాన్సిస్టర్ రేడియో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. పిల్లవాడు తన పాటను తన గదికి తీసికొనిపోగలిగెను. మెంఫిస్ నగరములోని సన్ స్టూడియోలో రెండు టేపు యంత్రములను కలిపి కంఠమునకు సన్నని మారుమ్రోత కల్పించినారు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్, ‘సాటిస్‌ఫాక్షన్’ అను పాటకు గిటారు ధ్వనిని ఒక చిన్న పరికరముతో బొంగురు పరచి వాయించినాడు. పిదప ఆ చోట ఊదు వాద్యములను పెట్టవలెనని అతని తలంపు. జనులు మెచ్చినది మాత్రము ఆ బొంగురునే. జానపద గాయకుని గొంతులోని జీర పాటకు ప్రాణము పోయుట మన మెరుగనిది కాదు గదా!

ఆకర్షణను పొగడునపుడు దాని ఋణమును మరువరాదు. ఎల్విస్ ప్రెస్లీ 1954లో పాడిన ‘దట్స్ ఆల్ రైట్’ అంతకు పూర్వము ఆర్థర్ క్రుడప్ అను నల్లజాతి గాయకుడు రచించి పాడినది. 1956లో ఎల్విస్ ప్రఖ్యాతము చేసిన ‘హౌండ్ డాగ్’ను బిగ్ మామా థార్న్‌టన్ అను గాయని 1952లోనే రికార్డు చేసియుండెను. క్రుడప్ తన పాటలకు రావలసిన సొమ్ములో చాలవరకు అందుకొనకయే 1974లో కన్నుమూసినాడు. ఎల్విస్ ప్రతిభ దీనివలన తక్కువ కాదు. కాని ఆ పాటలు వినునపుడు ఈ పేర్లను కూడ తలచుట మన విధి.

పాటలో శ్రోతకు చోటు విడుచుట యనగా ఏమో తేటపరచుటకు 1977 నాటి పాట యొకటి చాలును. క్వీన్ బృందములోని గిటారు వాద్యకారుడు బ్రయన్ మే ‘వి విల్ రాక్ యు’ను జనసమూహము కొఱకే రచించినాడు. అందు డోలు లేదు. రెండు మారులు కాలితో తొక్కుట, ఒక మారు చప్పట్లు, పిమ్మట క్షణకాలము ఖాళీ; పాట చివరి వరకును ఇంతియే. గిటారు కూడ తుదిలోనే వినవచ్చును. దానిని పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ జాంజిబారున జన్మించి, మన దేశములో పంచగని పాఠశాలలో చదివిన పార్సీ కుటుంబీకుడు. 1985 జూలై 13వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానమున ఆ పాట యెత్తుకొనగా వేలాది జనము దాని వాద్యబృందమైనది.

రాక్ పాటలన్నియు ఇంత మేలైనవని మేము చెప్పుట లేదు. సాహిత్యము పలుచనైనవి, మోతయే మిగిలినవి కొల్లలు. ఏ సంగీతమునందైనను తాలు ఉండును. చెరగి చూచినగాని గింజలు తేలవు. కావున పెద్దలకు మా మనవి: తదుపరి పర్యాయము ఇంటిలో ఇట్టి పాట వినవచ్చినపుడు, దానిని కట్టుటకు ముందు ఒక్క పాటను పిల్లల చెంత కూర్చుండి వినుడు. రెండవ, నాలుగవ లెక్కలను వెదకుడు. ఎచట ఖాళీ విడిచినారో చూపుమని పిల్లలనే అడుగుడు. పిల్లలు కూడ మరునాడు ఒక కృతిని మీ చెంత కూర్చుండి, ఎత్తుగడ యెచట నున్నదో అడిగి తెలిసికొందురుగాక. ఇక రాత్రి తొమ్మిది దాటిన పిదప ధ్వని తగ్గింపుమను అధికారము ఎటులైనను పెద్దలదే.