ఎఱుకను కొలువబూనినవారు



ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారిని స్మరించుకొను ఈ సాయంకాలము నేను వారి జీవితచరిత్రను చెప్పబూనలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పి, పిమ్మట ఆ విశ్వవిద్యాలయమునకే ఉపకులపతియై, ఢిల్లీలోని భారతీయ దార్శనిక పరిశోధన మండలికి అధ్యక్షత వహించి, 2021లో పరమపదించిన ఆ మహనీయుడు జీవితమంతయు వెంబడించిన ప్రశ్న యొకటి కలదు: మెదడు పనిచేయుటకును, మనకు ఏదేని అనుభవమగుటకును గల సంబంధమెట్టిది? ఆ ప్రశ్ననే పట్టుకొని, యమునకు తూర్పుగట్టున నున్న ఈ లక్ష్మీనగరమునకు వంతెన కావల, అన్సారీనగర్‌లో జరిగిన పరిశోధన కథను మీ కెఱిగించుటయే వారికి తగిన నివాళి యని నా నమ్మకము.

1924లో జర్మనీయందలి యేనా నగరమున హాన్స్ బెర్గర్ మానవుని తలపైనుండి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించెను. కన్నులు మూసికొని నిశ్చింతగా నున్నవానియందు సెకనుకు 8 మొదలు 13 మారులు లేచిపడు ఆల్ఫా తరంగములు కానవచ్చుననియు, కన్నులు తెరచినంతనే అవి అణగిపోవుననియు ఆయన గ్రహించెను. 1949లో మొరూజ్జి, మాగూన్‌లు, మస్తిష్కకాండములోని జాలకనిర్మితిని విద్యుత్తుతో ప్రేరేపించినచో మత్తులో నున్న పిల్లి మెదడునందలి మందతరంగములు తొలగి మెలకువ గుర్తులు పొడసూపునని నిరూపించిరి. ఇంద్రియముల వెంట లోనికి వచ్చు ప్రేరణలే ఈ జాలకమును మేల్కొలిపి, తద్ద్వారా మనలను స్పృహలో నిలుపుచున్నవను భావము అంతట వ్యాపించెను.

1956లో అన్సారీనగర్‌లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ యేర్పడినపుడు అందలి శరీరధర్మశాస్త్ర శాఖకు అధిపతియైన బి.కె. ఆనంద్ అప్పటికే ప్రసిద్ధుడు. 1951లో యేల్ విశ్వవిద్యాలయమున జాన్ బ్రోబెక్‌తో కలసి, ఎలుకల హైపోథాలమస్‌లో ఆహారేచ్ఛకు మూలమైన స్థానమును గుర్తించినవాడు. ఆకలిని కనుగొన్న చేతులే యోగుల సమాధిని కొలువబూనినవి. ఆయన, జి.ఎస్. ఛీనా, నాడీవైద్యుడు బల్దేవ్ సింగ్ కలసి 1961లో ప్రకటించిన వ్యాసము పుటల సంఖ్యకు చిన్నది గాని ధైర్యమునకు పెద్దది. ధ్యానములో లేనపుడు తీవ్రమైన వెలుతురు, పెద్ద చప్పుడు, వేడి గాజుగొట్టపు స్పర్శ, శ్రుతిదండపు కంపనము అనువాటిచే యోగుల ఆల్ఫా తరంగములు మనందరివలెనే అణగినవి. సమాధిలో నున్నపుడు ఆ ప్రేరణలే యెదురైనను అణగలేదు. మఱి యిద్దరు యోగులు 4 డిగ్రీల చల్లని నీటిలో చేయి ముంచి 45 నుండి 55 నిమిషములు కదలకుండిరి. వారి యాల్ఫా తరంగములును చెదరలేదు.

సమాధిలో పరీక్షింపబడిన యోగులు నలుగురే. అంత కొలదిమందిపై కట్టిన సిద్ధాంతము భారము మోయజాలదు. పైగా ఇతర పరిశోధకుల ఫలితములు వేఱుగా నున్నవి. 1955లో దాస్, గాస్తోలు గాఢధ్యానమున వేగతరంగములను చూచిరి. 1966లో జపానునందు కసామత్సు, హిరాయి జెన్ సాధకులను పరీక్షింపగా, వారియందు ప్రతి శబ్దమునకును ఆల్ఫా అణగుచునే యుండెను, అలవాటుపడి మానలేదు. సాధనలు వేఱు గనుక ఫలితములును వేఱని కొందఱందురు. అది సాధ్యమే గాని, ఆ కాలపు పద్ధతులతో తేలునది కాదు. ఐనను ఆనంద్ బృందము చేసిన యూహ నన్నిప్పటికిని కదిలించును: బయటినుండి వచ్చు ప్రేరణలపై నాధారపడక, జాలకమును, మెదడు పైపొరయైన మస్తిష్కవల్కలమును పరస్పరము పోషించుకొనుచు నిలుపు ఎఱుక యొకటి యుండవచ్చునని వారు వ్రాసిరి. అనగా, బయటికి బదులు పలుకకుండుట లోపల శూన్యమనుటకు సాక్ష్యము కాదు.

రామకృష్ణారావుగారు 2002లో వెలువరించిన చైతన్యాధ్యయన గ్రంథమున సాంఖ్యయోగముల ననుసరించి మనస్సును చైతన్యమునుండి వేఱుచేసి విచారించిరి. అతీంద్రియానుభవములను విచారించు పరామనోవిజ్ఞానమున వారు చేరిన నిర్ణయములు నాకు సమ్మతములు కావు. పలు ప్రయోగశాలలలో మరల మరల నిలువని ఫలితముల నంగీకరింపజాలను. కాని, మెదడు కొలతలును అనుభవమును ఒకటే యని తొందరపడి తేల్చరాదన్న వారి పట్టుదల సరియైనదే. మెదడునుండి అనుభవ మెట్లు కలుగునను ముడి ఇరువదియైదేండ్లలో వీడునని నాడీశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ కాక్ 1998లో తత్త్వవేత్త ఛామర్స్‌తో పందెము కాచి, 2023లో ఓటమి నంగీకరించెను.

ఆ ముడి వీడకున్నను, అన్సారీనగర్ ఊహ వేఱొకచోట ఫలించినది. 2006లో నాడీశాస్త్రజ్ఞుడు ఆడ్రియన్ ఓవెన్ బృందము, రోడ్డుప్రమాదమున తలకు దెబ్బ తగిలి ఏ పలుకునకును స్పందింపని 23 ఏండ్ల యువతిని, టెన్నిస్ ఆడుచున్నట్లు భావింపుమని స్కానర్‌లో కోరగా, ఆరోగ్యవంతులయందు వెలుగు భాగములే ఆమె మెదడునందును వెలిగినవి. 2024లో పలుదేశముల వైద్యులు, ఆదేశములకు బదులీయని 241 మందిని పరీక్షింపగా 60 మంది మెదళ్లు ఆదేశమును పాటించుచున్నట్లు తేలినది. 2011లోనే ఇట్టి పరీక్షను కేవలము తలపై నంటించు ఎలక్ట్రోడులతో చేయవచ్చునని చూపిరి. మెదడు విద్యుత్తును నమోదు చేయు అట్టి యంత్రము మన పెద్ద ఆసుపత్రులలో కలదు.

ఈ సభలోని వైద్యులకును, రోగుల బంధువులకును నా మనవి యిది. ఆ ఆదేశము రోగికి తెలిసిన భాషలోనే వినిపింపవలెను. శ్రీకాకుళమునుండి యిచ్చటికి వచ్చిన కూలివాని చెవిలో హిందీలో చెప్పి, అతనికి స్పృహలేదని వ్రాసి సంతకము చేయరాదు.