వ్యవసాయ శేషములు – పశుపోషణము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



కృషీవలుల సభలో గడ్డిని గూర్చి మాటలాడుట అల్పవిషయముగ తోపవచ్చును. కాని కోతయంత్రములు వచ్చిన పిదప ధాన్యమును ఇల్లు చేర్చి, గడ్డిని పొలముననే తగులబెట్టు దురాచారము ప్రబలినది. ఆ గట్టుననే దున్నదూడ డొక్కలెండి నిలిచియుండును. పెయ్యకు పాలు విడుతుము, దున్నదూడను ఉపేక్షింతుము. మన దేశమునుండి ఎగుమతియగు పశుమాంసము ప్రధానముగ గేదెజాతిదే. చక్కగ పెంచిన దున్నపోతు పేదకుటుంబమునకు ఒక పంటవంటిది.

సంస్కృతమున ఎండుగడ్డికి పలాలమనియు, మాంసమునకు పలలమనియు పేళ్లు. భేదము ఒక్క దీర్ఘమే. పలాలమును పలలముగ మార్చునవి పశువు ఉదరమునందలి సూక్ష్మజీవులు. వానికి నత్రజని వలయును. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. కావుననే కడుపు నిండినను కండపట్టదు.

దీనికి ఉపాయము కలదు. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీట కరగించి, 100 కిలోల ఎండుగడ్డిపై పొరపొరకు సమముగ చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ పట్టాకప్పి 21 దినములుంచవలెను. అందు పుట్టు అమ్మోనియా పీచును మెత్తపరచును. మాంసకృత్తుల లెక్క ఇంచుమించు రెండింతలగును. పిదప ఘాటుపోవ ఆరబెట్టి, కొద్దికొద్దిగ అలవాటుచేయవలెను. యూరియా నీటిని పశువు త్రాగినచో ప్రాణాపాయము. ఆరునెలలు నిండని దూడకు ఈ గడ్డి పెట్టరాదు.

గడ్డి ఒక్కటియే చాలదు. తవుడు, కందిపొట్టు, మినుపపొట్టు, వేరుసెనగచెక్క, లవణమిశ్రమము తోడుగ నుండవలెను. అయితే బూజుపట్టిన చెక్కను ముట్టింపరాదు. 1960లో ఇంగ్లాండున లక్షకుపైగ టర్కీకోళ్లు మరణించుటకు అట్టి వేరుసెనగపిండిలోని విషమే హేతువని తరువాత తేలినది.

మహాశయులారా! భూవసతిగలవారియొద్ద గడ్డి కలదు, మేయు పశువులు తగ్గినవి. కూలిజనులయొద్ద దూడ కలదు, గడ్డి లేదు. ఒకరు కాల్చునది వేరొకరికి జీవనాధారము. ఇందులకు సంఘనిధినుండి ధనము కోరను. పొలమునకు నిప్పుపెట్టకముందు ఊరికి కబురంపుడు, కోసికొనిపోనిండు. గ్రామమునకొక పోషకుడు ఒక్క వామిని పైవిధమున మాగవేసి చూపిన చాలును. కన్నులార చూచినదానిని రైతు విడువడు.