గన్ను ఆగిన తరువాత

విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల వాహనములకు రంగు చిమ్ము పనివారి ఊపిరిని గూర్చి నేడు ముచ్చటింతము. రెండు పాళ్లు కలిపి వాడు రంగులలో పెక్కింట ఐసోసయనేట్లనెడి రసాయనములుండును. వాటి సన్నని తుంపర కంటికి కానరాదు, ఉబ్బసము కలిగింపగలదు. ఒకసారి అది పట్టిన పిమ్మట లేశమాత్రపు తుంపరయు ఆయాసము రేపవచ్చును. ముక్కునకు కట్టిన రుమాలు దానిని ఆపజాలదు. గొట్టముద్వారా మంచిగాలి నందించు ముసుగు వలయును.

గన్ను ఆపినంతనే ముసుగెత్తి రంగు నునుపు చూచుకొనుట పలువురి అలవాటు. అదియే ముప్పు. అప్పటికి తుంపర గదిలోనే యుండును, పంకా ఆపరాదు. గదిలో హానిలేని పొగ నింపి, పంకా తిరుగుచుండగా అది తొలగుటకెన్ని నిమిషములు పట్టునో ముందే కొలిచి, తలుపుపై వ్రాయవలెను. అంతదనుక ముసుగు తీయరాదు.

రాత్రివేళ దగ్గు, ఛాతీబిగువు కనిపించినచో, పనివారి వృత్తి యేదో వైద్యునికి తెలుపుట ఇంటనున్న మన వంతు.