వాన రోజున మన టైర్లు

(స్వర్ణోత్సవ పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు ఫోన్ చేసి, "నీకు 20 నిమిషాలు. నీ వృత్తి గురించి చెప్పు, కానీ ఇంటికెళ్లాక అందరికీ పనికొచ్చేలా ఉండాలి" అన్నారు. నేను మెకానికల్ ఇంజనీరుని. ఉద్యోగంలో ఎక్కువ కాలం బ్రేకులు, చక్రాల పరీక్షలతోనే గడిచింది. కాబట్టి టైర్ల గురించి మాట్లాడతాను. అందులోనూ వానలో తడిసిన రోడ్డు మీద టైరు గురించి.

ఈ విషయమే ఎందుకంటే, మన సైనిక్‌పురిలో సాయంత్రం పూట నడకకు వెళ్తే నాకు వీధి వీధినా ఒకే దృశ్యం కనబడుతుంది. గేటు లోపల పోర్టికో, పోర్టికోలో కవరు కప్పిన కారు. ఇంట్లో అమ్మానాన్నలు, పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో. ఆ కారు ఏఎస్ రావు నగర్‌కు కూరగాయల కోసం వెళ్తుంది, నేరేడ్‌మెట్‌లో బ్యాంకు పనికి వెళ్తుంది, కార్తీక మాసంలో ఒకసారి కీసరగుట్ట ఎక్కుతుంది. స్పీడు 30, 40 దాటదు. మీటరు చూస్తే పదేళ్లకు 25 వేల కిలోమీటర్లు కూడా ఉండవు.

జులైలో అబ్బాయి వస్తాడు. ఫ్లైటు తెల్లవారుజామున 3 గంటలకు. "నాన్నా, నేను క్యాబ్ చేసుకుంటాలే" అంటాడు. "నేనుండగా క్యాబ్ ఎందుకురా" అంటారు నాన్న. రాత్రి ఒంటిగంటకు కవరు తీసి, కీసర దగ్గర ఔటర్ ఎక్కి, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట మీదుగా శంషాబాద్‌కు బయల్దేరుతారు. ఎనిమిది వరుసల రోడ్డు, పక్కన లారీలు, పైన వాన. ఏడాది పొడుగునా 30లో తిరిగిన టైర్లు ఆ ఒక్క రాత్రి 90లో, 100లో తిరగాలి. నేను చెప్పేదంతా ఆ ఒక్క రాత్రి గురించే.

ముందు ఒక చిన్న లెక్క. వెయ్యి కిలోల కారు నాలుగు టైర్ల మీద నిలబడితే ఒక్కో టైరు మీద 250 కిలోలు. గాలి 32 పీఎస్‌ఐ అనుకుందాం. బరువును ఆ ఒత్తిడితో భాగిస్తే టైరు నేలను తాకే చోటు వైశాల్యం 110 చదరపు సెంటీమీటర్ల చిల్లర వస్తుంది. అంటే దాదాపు ఒక పోస్టుకార్డు. నాలుగూ కలిపినా ఒక ఏ-4 కాగితం నిండదు. కారు ధర 8 లక్షలైనా 80 లక్షలైనా మనల్ని రోడ్డుకు పట్టి ఉంచేది ఆ కాగితం ముక్కే.

ఇప్పుడు ఆ పోస్టుకార్డు కిందికి నీళ్లు వచ్చాయి. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీళ్లున్నాయి, బండి 80లో పోతోంది. సెకనుకు 22 మీటర్లు. నేలను తాకే వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో ముందు టైరు సెకనుకు 10 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. రెండు సెకన్లకు ఒక బకెట్. టైరు మీద గాడులు చెక్కింది అందుకే. చాలామంది ఆ గాడులే రోడ్డును పట్టుకుంటాయనుకుంటారు. కాదు, రోడ్డును పట్టుకునేది రబ్బరు. గాడులు మోరీల లాంటివి, నీళ్లు పోవడానికి దారి. మోరీ పూడుకుపోతే వీధిలో ఏమవుతుందో వానాకాలంలో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నీళ్లు పక్కకు పోయే సమయం దొరక్కపోతే టైరు ముందు నీరు చీలికలా దూరి, టైరును రోడ్డు మీంచి పైకి లేపేస్తుంది. దీన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. కారు నీటి మీద తేలుతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. తిప్పినా తిరగదు, బ్రేకు నొక్కినా ఆగదు.

దీని మీద మొదట గట్టిగా పనిచేసింది కార్ల వాళ్లు కాదు, విమానాల వాళ్లు. హకీంపేట విమానాల మోత వింటూ చదువుకున్న వాళ్లం కదా, మనకు ఇది దగ్గరి విషయమే. తడి రన్‌వే మీద దిగిన విమానాలు ఆగకుండా జారిపోతుంటే అమెరికాలో నాసా లాంగ్లీ కేంద్రంలో వాల్టర్ హార్న్ బృందం పరీక్షలు చేసి 1963లో ఒక పత్రం ప్రచురించింది. అందులో తేలిన సూత్రం చాలా చిన్నది. టైరులోని గాలి ఒత్తిడికి వర్గమూలం తీసి, 9తో గుణిస్తే ఎన్ని నాట్ల వేగంలో టైరు తేలుతుందో వస్తుంది. మన కిలోమీటర్లలో కావాలంటే 9 బదులు దాదాపు 16.7. 32 పీఎస్‌ఐకి 94 కిలోమీటర్లు. గాలి తగ్గి 25 అయితే 83. 20కి పడిపోతే 74. ఇది గాడులు అరిగిన టైరుకు, లేదా గాడి లోతును మించి నీళ్లు నిలిచినప్పుడు వర్తించే మోటు లెక్క. మంచి గాడులుంటే ఇంకొంత వేగం దాకా టైరు నిలబడుతుంది. కానీ అందులో గమనించాల్సింది, బండి బరువు ఎక్కడా లేదు. "మాది బరువైన బండి, తేలదు" అనే ధీమా పనికిరాదు. ఉన్నది గాలి ఒక్కటే.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. "వానలో గాలి కాస్త తగ్గిస్తే గ్రిప్ బాగుంటుంది" అని పంక్చర్ షాపుల దగ్గర ఒక సలహా దొరుకుతుంది. అది ఇసుకలో నడిపే జీపు వాళ్ల సలహా, ఎలాగో తారురోడ్డు మీదికి వచ్చింది. తడి రోడ్డు మీద అది తలకిందుల సలహా. పోర్టికోలో నిలబెట్టిన కారుకు ఎవరూ తగ్గించక్కర్లేదు, గాలి దానంతట అదే నెలనెలా కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద స్టిక్కరు చెబుతుంది.

ఇక గాడి లోతు. కొత్త కారు టైరుకు సుమారు 8 మిల్లీమీటర్లు. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు. గాడి అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే 1.6 వచ్చేసినట్టే. అది చట్టం ఒప్పుకునే హద్దు. మన వానకు సరిపోయే హద్దు కాదని నా అభిప్రాయం. 3 మిల్లీమీటర్లు రాగానే మార్చేయమంటాను. పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు తీసి కొలవండి, కాకపోతే సున్నా సరిగ్గా అంచు నుంచే మొదలయ్యే స్కేలు అయి ఉండాలి.

"మా టైర్లకు గాడులు కొత్తవాటిలాగే ఉన్నాయి" అంటారు పోర్టికో కారు వాళ్లు. నిజమే. అసలు చిక్కు అక్కడే ఉంది. మన బడిరోజుల్లో పెన్సిల్ గీత చెరిపే రబ్బరు గుర్తుందా? కొత్తది మెత్తగా ఉండి శుభ్రంగా చెరిపేది. అదే రబ్బరు రెండేళ్లు డెస్కు మూలలో పడి ఉంటే గట్టిపడి, కాగితాన్ని నల్లగా పూసేది. అది అరగలేదు, ముసలిదైంది. టైరూ అంతే. ఎండ, గాలి, ఏళ్లు కలిసి రబ్బరును గట్టిపరుస్తాయి. తడి రోడ్డు మీద పట్టు దొరికేది, కంకర రాళ్ల సన్నని గరుకులోకి మెత్తని రబ్బరు ఒదిగి పోయినప్పుడే. గట్టిపడిన రబ్బరు ఒదగదు, రాళ్ల తలల మీదుగా జారుతుంది. పొడి రోడ్డు మీద, 30లో, ఈ తేడా మీకు ఎన్నేళ్లైనా తెలియదు.

టైరు వయసు తెలుసుకోవడం సులువు. పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2315 అని ఉంటే 2015వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి వైపు ఉంటాయి, వంగి టార్చి వేసి చూడాలి. 5 ఏళ్లు దాటాక ఏటా చూపించుకోమని, 10 ఏళ్లకు ఎలా ఉన్నా మార్చేయమని కంపెనీలే చెబుతాయి. స్టెప్నీకి కూడా ఇదే లెక్క.

ఆగే దూరం సంగతి. ఫిజిక్స్ సార్ మనచేత బోర్డు మీద వేయించిన వి స్క్వేర్ ఈక్వల్స్ యు స్క్వేర్ ప్లస్ టు ఏఎస్ ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. 80లో పోతూ బ్రేకు వేశాం. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే 31 మీటర్లలో ఆగుతాం. తడి రోడ్డు, మంచి టైరు, 0.5 అనుకుంటే 50 మీటర్లు. తడి రోడ్డు, అరిగినదో గట్టిపడినదో టైరు, 0.3కి పడిపోతే 84 మీటర్లు. క్రికెట్ పిచ్ 20 మీటర్లు. ఒకటిన్నర పిచ్‌లో ఆగే బండికి నాలుగు పిచ్‌ల పైన కావాలి. ముందు లారీ బ్రేకు లైటు చూసి మన కాలు కదలడానికి పట్టే ఒక్క సెకను, అంటే 22 మీటర్లు, ఇందులో కలపలేదు. అదే తడి రోడ్డు మీద, మంచి టైర్లతో, 80 నుంచి 60కి తగ్గితే 50 మీటర్లు 28 అవుతాయి. మెకానిక్ అవసరం లేకుండా, డబ్బు ఖర్చు లేకుండా దొరికే మార్పు ఇది.

మలుపు తిరుగుతూ బ్రేకు వేయడం గురించి లెక్కల సార్ శిష్యులకు ఒక మాట. టైరుకున్న పట్టు ఒకటే. బ్రేకూ స్టీరింగూ దాన్ని పంచుకుంటాయి, పంపకం పైథాగరస్ పద్ధతిలో జరుగుతుంది. పట్టును 5 అనుకుంటే, బ్రేకు 4 తీసుకున్నప్పుడు మలుపుకు 3 మిగులుతుంది. బ్రేకు 5 తీసుకుంటే మలుపుకు సున్నా. ఔటర్ దిగే ర్యాంపు వంపుల్లో వానప్పుడు బండ్లు రెయిలింగ్ వైపు తిన్నగా ఎందుకు వెళ్తాయో ఇదే కారణం. వంపు రాకముందే, తిన్నని రోడ్డు మీదే స్పీడు తగ్గించుకోవాలి.

ఇప్పుడు టైర్ల షాపులో మీరు పోట్లాడాల్సిన విషయం. రెండే టైర్లు మారుస్తున్నారు. షాపులో కొత్తవి ముందుకు వేస్తారు. "ముందు చక్రాలే లాగుతాయి కదండీ" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. నేను మాత్రం కొత్తవి వెనక్కే వేయమంటాను. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, స్టీరింగ్ తేలికైనట్టు చేతికి తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీస్తే చాలాసార్లు పట్టు తిరిగి దొరుకుతుంది. వెనక టైర్లు జారితే చేతికి ఏమీ తెలియదు. తెలిసేసరికి బండి తోక ముందుకొచ్చేసి, మనం వచ్చిన దారివైపు చూస్తుంటాం. దాన్ని సరిదిద్దడం పరీక్షా ట్రాకుల మీద ఏళ్లు నేర్చుకున్న డ్రైవర్లకే కష్టం. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అంబాసిడర్, ఫియట్ల మీద డ్రైవింగ్ నేర్చుకున్న పెద్దలకు ఒక విన్నపం. అప్పుడు బ్రేకును వదిలి నొక్కి, వదిలి నొక్కి వేయమని నేర్పారు. ఆ బండ్లకు అది సరైన పాఠమే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ బండిలో పెడల్ ఒక్కసారిగా గట్టిగా నొక్కి అలాగే పట్టుకోవాలి. కాలి కింద గడగడమని కొట్టుకుంటుంది, భయపడి కాలు తీయకూడదు. మనం వదిలి నొక్కే పని అదే సెకనుకు చాలాసార్లు చేస్తోంది. అయితే టైరు నీటి మీద తేలుతున్నప్పుడు ఏబీఎస్ కూడా ఏమీ చేయలేదు, దానికీ రోడ్డు తగలాలి.

మృగశిర కార్తె తొలి వాన గురించి క్లుప్తంగా. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఆయిలు, టైర్ల పొడి తొలి చినుకులకు జిగురు ముద్ద అవుతాయి. జోరు వాన కడిగేదాకా ఆ మొదటి పావుగంట, అరగంట మహా జారుడు. టూవీలర్ల మీద వెళ్లే జూనియర్లు ఆ కాసేపు ఏ చెట్టు కిందో కాదు, ఏ షాపు ముందో ఆగి టీ తాగండి. తెల్ల పెయింటు గీతలు, మ్యాన్‌హోల్ మూతల మీద బ్రేకు వేయకండి.

నాకిచ్చిన సమయం అయిపోయిందని సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు. భోజనాలయ్యాక గ్రౌండ్‌లో కార్లు నిలిపిన చోట ఉంటాను. లోతు కొలిచే గేజి, గాలి చూసే గేజి, ఒక టార్చి తెచ్చుకున్నాను. చివరి రెండు అంకెలు 15 లేదా అంతకంటే చిన్నవి ఉన్నవాళ్లు ముందు లైన్లో నిలబడండి. గురువులకు లైను లేదు.