మందు ఉన్నది, బండి లేదు



నాది సాయంకాల తరగతిలో నేర్చిన తెలుగు. ఇన్నేళ్ళూ బడిలో ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పినవాణ్ణి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా బడిలో ఇరవై ఏళ్ళు గదులు ఊడ్చిన ఒక జులూ అమ్మ ఉండేది. అందరం ఆమెను గోగో అనేవాళ్ళం. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని అర్థం. ఆమె నన్ను టిషా, అంటే మాస్టరుగారూ, అని పిలిచేది. పని మానిన తరువాత మపుమూలో కొండలలోని తన ఇంటికి వెళ్ళిపోయింది. 2018లో ఒకనాడు స్టాంగర్ బజారులో కనిపించింది. బాగా చిక్కిపోయింది. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చిందనీ, డర్బన్‌లో రేడియేషన్ ఇస్తున్నారనీ చెప్పింది.

"ఇప్పుడు ఎలా ఉన్నది గోగో?" అని అడిగాను.

"మానేశాను టిషా. చార్జీలకు డబ్బు లేదు" అన్నది.

ఆసుపత్రిలో ఆమె దగ్గర డబ్బు పుచ్చుకోరు. కాని మపుమూలో నుంచి స్టాంగర్‌కు ఒక టాక్సీ, అక్కడనుంచి డర్బన్‌కు ఇంకొకటి. స్టాంగర్ నుంచే సుమారు 70 కిలోమీటర్లు. ఈ చికిత్స ఒకసారి సూది వేయించుకుని వచ్చేది కాదు. వారానికి 5 రోజుల చొప్పున అయిదారు వారాలు వెళ్ళాలి. ఆమె నెల పింఛను రెండు వారాల చార్జీలకే అయిపోయింది.

ఈ జబ్బుకు రేడియేషన్ మొత్తం 8 వారాలలోపు ముగియాలని వైద్యులు చెప్తారు. మధ్యలో మానితే, కలుపు సగం తీసి వదిలిన చెరకు తోటలాగ, జబ్బు మళ్ళీ పెరుగుతుంది.

ఆ రోజులలో నా కారు షెడ్డులో ఊరికే ఉన్నది. ఆమె నన్ను అడగలేదు. ఆమె ఎలా ఉన్నదని నేనూ కనుక్కోలేదు. అది నా తప్పు.

మరునాడు ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరుగారు తప్పిన రోజులకు లెక్క సరిచేసి మళ్ళీ మొదలుపెట్టారు. వారమంతా మా ఇంటి వెనుక గదిలో ఉండి, శనివారం కొండకు వెళ్ళేది. అప్పుడు నేనే విద్యార్థినయ్యాను. ఈ రోగులకు విరేచనాలు, మూత్రం ఆగకపోవడం ఉంటుంది. సిగ్గుతో చెప్పరు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడెక్కడ ఉన్నదో బండి తోలేవాడే ముందు తెలుసుకోవాలి. సీటుమీద మెత్త, తువాలు, వాంతికి సంచి ఉంచాలి. కారులో సెంటు వాసన వద్దు. ముందునాటి సాయంత్రమే ఆసుపత్రికి ఫోను చేసి, యంత్రం నడుస్తున్నదా అని అడగాలి. రోగి స్త్రీ అయితే ఇంకొక స్త్రీ తోడుండాలి. రోగి మాట్లాడితేనే మనం మాట్లాడాలి. మాస్టరును గనుక ఈ పాఠం నాకు అన్నిటికన్నా కష్టమైంది.

గోగో రెండేళ్ళు బ్రతికింది. రోజులు తప్పకపోతే ఇంకా బ్రతికేదా? ఆ ప్రశ్న నన్ను వదలదు.

మన ఆంధ్ర మహాసభ 1931లో పుట్టింది. ఈ దేశపు క్యాన్సర్ సంఘం, కాన్సా, పుట్టినదీ ఆ ఏడే. దూరపు రోగులు చికిత్స రోజులలో ఉండేందుకు ఆ సంఘం బస గృహాలు పెట్టింది. కాని బసకు చేరాలన్నా బండి కావాలి కదా!

మనలో ఉద్యోగాలు విరమించినవారు ఎందరో ఉన్నారు. ఇంటింటా కారున్నది. ఒక్కరే నెలంతా తోలలేరు. అయిదుగురు కలిస్తే ఒక్కొక్కరికి వారానికి ఒక్క రోజే. తలుపు దగ్గర బల్లమీద రోజుల పట్టిక పెట్టాను. తోలలేనివారు పెట్రోలుకు ఇవ్వవచ్చు.

ఆ పట్టికమీద తెలుగువారికి మాత్రమే అని వ్రాయలేదు. మా నాయనమ్మకు పురిటినొప్పులు వచ్చిన రాత్రి, చెరకు బండిమీద ఆమెను ఆసుపత్రికి చేర్చినవాడు ఒక జులూ బండివాడు. ఆ తెల్లవారుజామున పుట్టిన బిడ్డ మా నాన్నగారు.

ఇంటికి వెళ్ళేముందు ఆ బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి.