ఇంటిపేరులోని ఊరు

కడపకు ఉత్తరమున, పెన్న యొడ్డున చెన్నూరు గలదు. చెన్నూరువారను ఇంటిపేరు గలవారు ఆ యూరనే మెండుగ నుందురని తలచుట సహజము. కాని ఊరిపేరు ఇంటికి అంటుకొనుట సాధారణముగ ఊరు విడిచిన పిమ్మటనే. చెన్నూరిలో అందఱును చెన్నూరివారే గదా! వలసవచ్చినవానినే పొరుగూరు అట్లు పిలుచును.

పుట్టపర్తి నారాయణాచార్యులవారి (1914–1990) వంశమునకు తొలి ఇంటిపేరు తిరుమల. పూర్వులు పుట్టపర్తిలో కొంతకాలముండుటచే ఆ పేరు వచ్చినది. ఆచార్యులవారు ప్రొద్దుటూరునను నివసించిరి. ఒక్క ఇంటికి మూడూళ్ళు! ఫ్రాన్సు దేశపు బ్రెటన్ జనులలోను ‘కెర్’ అని మొదలగు ఇంటిపేర్లు పెక్కు. కెర్ అనగా ఇల్లు, పల్లె. ‘లె గోఫ్’ అనువారు మన కమ్మరివారు.

చిక్కొకటి గలదు. మంచిర్యాల జిల్లాలో గోదావరి యొడ్డునను చెన్నూరున్నది; నెల్లూరుసీమలో గూడూరు చెంత మఱియొకటి. కావున ఇద్దఱు చెన్నూరివారు కలిసినంతనే దాయాదులు కారు. అయినను పెండ్లిమాటలలో ఇంటిపేరొకటి యనగానే, అన్నాచెల్లెండ్ర వరుసయని మంచి సంబంధములు వదలుకొనువారున్నారు. గోత్రముతోపాటు, ఏ యేటి యొడ్డు చెన్నూరో కూడ అడుగవలదా? ఇంటి పెద్దలుండగనే అడిగి వ్రాసికొనుడు. కాగితములలో మిగులుచున్నది ఒక్క పొడియక్షరమే.